కొలువులో సుబేదారు

చిత్తూరు,
21-9-1987

ప్రియమైన గంగాధరానికి, మీ నాయన ఆశీస్సులు.

జాఫ్నా చేరావని నీ కార్డు అందింది. శాంతి కాపాడే పనే కదా, నాకేం భయం లేదు. మీ అమ్మ ముందు ఇదే మాట చెబుతున్నాను. ఆవిడ నమ్మడం లేదు.

బల్ల మీద మన సీసపు బొమ్మల పొల్లిలూరు యుద్ధం సగంలో ఆగింది. హైదర్ అలీ గుర్రపుదళంతో నేను సిద్ధంగా ఉన్నాను, నీ ఇంగ్లీషు పటాలం కదలాలి. నీ ఎత్తు ఉత్తరంలో వచ్చేదాకా బల్ల ముట్టుకోవద్దని మొత్తుకున్నా, మీ అమ్మ బొమ్మల కొలువుకి మెట్టు కావాలని లాక్కుంది. రెండు సైన్యాలూ ఇప్పుడు కింది మెట్టు మీద శెట్టి దంపతుల అంగడి ముందు నిలబడి ఉన్నాయి.

నీ వైపుకి కొత్తగా ఒక సుబేదారును పోశాను. సీసం కరిగిస్తే ఇల్లంతా కంపని రభస జరిగిందనుకో. ఎర్రకోటు వేసి, గడ్డం మీద నీ పుట్టుమచ్చ కూడా పెట్టాను. ఆ ఒక్క చుక్క కోసం కుంచె వెంట్రుకలన్నీ కత్తిరించాల్సి వచ్చింది. వీణ్ణి ఎక్కడ నిలపమంటావో రాయి.

నీ క్షేమం కోరే
నాయన

జాఫ్నా,
27-9-1987

ప్రియమైన నాయనకు నమస్కారాలు.

చరిత్రలో ఓడిపోయిన పటాలాన్ని నాకిచ్చి, సుబేదారుకి నా మచ్చ పెడతావా? బాగుంది. వాణ్ణి మందుగుండు బండ్ల ముందు నిలుపు. పాచికలు నువ్వే వెయ్యి, కానీ దొంగాట వద్దు. దెబ్బతిన్నవాణ్ణి పడుకోబెట్టాలి, పడుకున్నవాడు చచ్చినట్టే, మళ్లీ లేపకూడదు. చిన్నప్పుడు ఏడ్చి మరీ నీచేత ఒప్పించిన నియమం ఇది, మరిచిపోకు.

వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్లు మాకు పూలదండలు వేశారు. ఇప్పుడు వీధిలో కనిపిస్తే తలుపులు వేసుకుంటున్నారు. ఈ ముక్క అమ్మకు చదివి వినిపించకు.

నీ కొడుకు
గంగాధరం

చిత్తూరు,
4-10-1987

ప్రియమైన గంగాధరానికి,

మనసు బాగాలేక రాస్తున్నాను. దశమినాడు కొలువు ముగించే ముందు ఒక బొమ్మను నిద్రపుచ్చాలి కదా. ప్రతి ఏడూ ఎర్రచందనం రాజును పడుకోబెట్టే మీ అమ్మ ఈసారి సుబేదారును పడుకోబెట్టింది. నాకు మన ఆట నియమం గుర్తొచ్చింది. అరిచి, వాణ్ణి లేపి నిలబెట్టాను.

"నా బిడ్డ ఆడ యాడ పండుకుంటా ఉండాడో ఏమో, ఈడన్నా హాయిగా నిద్రబోనీ అనుకుంటిని. నీ కండ్లకు సచ్చినోడి మాదిరి కనబడినాడా? నిద్రబోయే బొమ్మను లేపితివి. ఇంక కొలువు యాడ ముగిసినట్టు?" అంది మీ అమ్మ.

అన్నంత పనీ చేసింది. బొమ్మలు పెట్టెలోకి ఎత్తలేదు. మళ్లీ పడుకోబెడతానంటే నేను ఒప్పుకోవడం లేదు. ఇద్దరం పట్టు వదలడం లేదు. నువ్వు వెంటనే జవాబు రాయి.

నాయన

చిత్తూరు,
24-10-1987

ఒరే గంగాధరం,

దీపావళి వెళ్లిపోయింది. మనవాళ్లకూ తమిళ పులులకూ పోరు ముదిరిందని రేడియో చెబుతోంది. నీ దగ్గరినుంచి ఒక్క కార్డు లేదు. పోస్టుమాను మన ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టకుండా పోతున్నాడు. వాడి తప్పేముంది, అయినా తిట్టుకుంటున్నాను.

కొలువు అలాగే ఉంది. బల్లి ఒకటి పరుగెత్తి హైదర్ గుర్రాన్ని పడగొట్టింది. అప్పటినుంచి భయం పట్టుకుని, సుబేదారు కాళ్ల కింద మైనం పెట్టి మెట్టుకు అంటించాను. వంటింట్లోకి పోతూ వస్తూ నిలబడే ఉన్నాడా అని చూసుకుంటున్నాను. మీ అమ్మ కూడా చూస్తోంది. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు.

ఏమీ రాయకపోయినా సంతకం పెట్టి పంపు, చాలు.

నాయన

మద్రాసు, ఆసుపత్రి,
8-11-1987

ప్రియమైన నాయనకు,

అక్షరాలు వంకరగా ఉన్నాయని కంగారుపడకు, పడుకుని రాస్తున్నాను. ప్రాణానికేం భయం లేదు. తొడలో తూటా తగిలింది, తీసేశారు. కుడికాలు కాస్త పొట్టి అవుతుందట. నీ ఉత్తరాలు రెండూ ఇక్కడికే, ఒకేసారి వచ్చాయి.

తాటితోపు పక్కన నడుస్తుంటే కాల్పులు మొదలయ్యాయి. పడిపోయాను. వెంటనే లేవబోతే మా దళంలోని మదనపల్లె ధనంజయ నా తల పట్టి నేలకు నొక్కాడు. "లేయొద్దప్పా! పండుకో, సచ్చినోడి మాదిరి పండుకో!" అన్నాడు. పొద్దు గుంకేదాకా ఇద్దరం అలాగే మట్టిలో మొహం పెట్టుకుని ఉన్నాం. లేచి పరుగెత్తినవాళ్లు ఇక ఇళ్లకు ఉత్తరాలు రాయరు నాయనా. వాళ్ల పేర్లు ఇప్పుడు రాయలేను.

పడుకున్నవాడు చచ్చినట్టే అని నేను పెట్టిన నియమం తప్పు. అమ్మదే సరి. ఆ మైనం గీకేసి సుబేదారును అమ్మ చేతికివ్వు, పడుకోబెట్టనీ. కొలువు ఎత్తేసి, ఇద్దరూ మొదటి బస్సుకు రండి.

వాణ్ణి మాత్రం మీరెవరూ లేపకండి. ఇంటికొచ్చాక నేనే లేపుతాను.

నీ కొడుకు
గంగాధరం