ఫుల్ టికెట్ గీత

14 డిసెంబర్ 2024, శనివారం

ఈ డైరీ రాయొద్దనే అనుకున్నాను. బ్యాంకువాళ్లు ఇచ్చిన రోజు నుంచి ఇది బియ్యం డబ్బా మూత మీద బరువుగా పనిచేస్తోంది. ఆ ఉద్యోగంలోనే ఉండనిద్దామనుకున్నాను. ఏడాది అయిపోవస్తుంటే డైరీ ఎవరు మొదలుపెడతారు? కానీ ఇవాళ డాక్టరమ్మ చెప్పిన మాట ఎక్కడో ఒకచోట పెట్టకపోతే నాకు కుదురు చిక్కేలా లేదు.

సోనీ నా మనవరాలు. మా కృపాకర్ పెద్దబిడ్డ. తొమ్మిదేళ్లు. గుండెలో రంధ్రంతో పుట్టింది. రెండో ఏట ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఉరకకు, ఎగరకు, మెల్లగ అనే మాటల మధ్యనే పెరిగింది. పెరిగింది అనొచ్చో లేదో. తమ్ముడు వెస్లీకి ఏడేళ్లు, వాడు అక్కను ఎప్పుడో దాటిపోయాడు. అందరిళ్లలో పెద్దపిల్ల విడిచినవి చిన్నోడికి వస్తాయి. మా ఇంట్లో తమ్ముడికి ఇరుకైన స్కూలు బూట్లు అక్క తొడుగుతుంది. లేసులు గట్టిగా బిగించుకుంటుంది, అంతే.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చూసి, గుండె బాగుంది, ఇక అందరు పిల్లల్లాగే ఉరకనివ్వండి అంది. ఎత్తు సంగతి ఏమిటని కోడలు షారోన్ అడిగింది. పెరుగుతుంది, కాస్త టైం తీసుకుంటుంది అంది.

ఆస్పత్రి మెట్ల మీద సోనీ ఉరికింది. వెనకాల అందరం మెల్లగ అనబోయి నోళ్లు మూసుకున్నాం.

15 డిసెంబర్

మా రాజమణి కృతజ్ఞత కూడిక పెట్టాలంటోంది. మాలో అది రివాజు. బిడ్డకు నయమైతే పాస్టరును, చర్చివాళ్లను ఇంటికి పిలవాలి. పాటలు, ప్రార్థన, సాక్ష్యం, ఆ తర్వాత బగారా అన్నం. అన్నం వాసన మొదలయ్యాక ఎవరి సాక్ష్యమైనా పొట్టిగానే ముగుస్తుందని నేను గమనించాను. ఇది రాజమణి చదవదు కాబట్టి రాస్తున్నాను.

సోనీని అడిగితే కూడిక కాదు, పార్కు అంది. ఔటర్ రింగ్ రోడ్డు అవతలి పార్కు. అక్కడ రోలర్ కోస్టర్ ఎక్కాలట. క్లాసులో అందరూ ఎక్కి వచ్చారట, తానే మిగిలిందట.

"దేవునికి థాంక్స్ చెప్పాల్నంటే గా గిర్రగిర్ర తిరుగుడేందే?" అంది రాజమణి.

"యాడికెళ్లి చెప్పినా ఇంటడు గద నానమ్మా."

ఇంతకంటే పాస్టరు మాత్రం ఏం చెబుతాడు. క్రిస్మస్ అయ్యాక పార్కు, కొత్త సంవత్సరంలో కూడిక అని తీర్మానం.

17 డిసెంబర్

ఒక చిక్కు. కృపాకర్ ఫోన్‌లో చూసి, రోలర్ కోస్టర్‌కు నాలుగడుగుల ఎత్తు ఉండాలట అన్నాడు. సోనీ ముఖం చిన్నబోయింది. నేను ఉండగా ఫికర్ ఎందుకన్నాను.

ఇక్కడ కొంచెం పక్కకు పోవాలి. నేను ఆర్టీసీ కండక్టర్‌ని, రిటైరయ్యాను. అఫ్జల్‌గంజ్ హోటల్లో కప్పులు కడుగుతూ, సమోసా చుట్టిన పేపర్లు చదివి, ప్రైవేటుగా టెన్త్ గట్టెక్కినవాణ్ణి. నా సర్వీసంతా పిల్లల ఎత్తుతోనే గడిచింది. బస్సెక్కే తల్లుల్లో సగం మంది పిల్లల్ని చిన్నగా చేసే పనిలో ఉండేవారు. నేను దగ్గరికి రాగానే పిల్లలు మోకాళ్లు వంచేవారు. ఉస్మాన్‌గంజ్ స్టాపులో ఒకామె ఎక్కి, పిల్లాడికి ఇంకా నాలుగు నిండలేదంది. వాడు నా చేతిలో టికెట్ మీది అంకెలు గడగడా చదివి, మొత్తం కూడి చెప్పాడు. ఆమె వాణ్ణి చూసిన చూపు ఇంకా గుర్తుంది. రూలులో ఉన్నది వయసే. కానీ కిక్కిరిసిన బస్సులో వయసు కనబడదు, ఎత్తే కనబడుతుంది.

అందుకే కృపాకర్ చిన్నప్పుడు మా దర్వాజా చౌకట్ నిలువు చెక్క మీద ఒక గీత చెక్కాను. పక్కింటి టైలర్ ప్రహ్లాద్ తన టేపు పట్టి నేల నుంచి కొలిచి ఇచ్చాడు. సరిగ్గా నాలుగడుగులు. నా బస్సులో అంత ఎత్తుంటే ఫుల్ టికెట్టే, అందుకే దానికి మా ఇంట్లో పేరు ఫుల్ టికెట్ గీత.

సోనీని నిలబెట్టాను. మడమలు నేలకు ఆనించమన్నాను. నెత్తి మీద స్కేలు అడ్డంగా పెట్టాను.

గీత అందుకుంది.

వెస్లీ ఎలాగూ ఒక బెత్తెడు పైనే ఉన్నాడు. షారోన్ దగ్గరికొచ్చి, "మామయ్యా, ప్రహ్లాద్ అంకుల్ దగ్గర టేపు తెచ్చి ఇంకొక్కసారి చూద్దామా?" అంది. ఆ గీత కూడా ఆయన టేపు పెట్టిందే అన్నాను. ఎన్ని వేల మంది పిల్లల్ని చూసిన కన్ను నాది అని కూడా అన్నాను. షారోన్ మర్యాదస్థురాలు, స్కేలు తీసుకెళ్లి పిల్లల సంచిలో పెట్టేసింది.

సోనీ గల్లీలోకి పోయి కనబడినవాళ్లందరికీ చెప్పి వచ్చింది. తాను ఫుల్ టికెట్ అని.

25 డిసెంబర్

క్రిస్మస్. కేకు బాగుంది. సోనీకి పార్కు తప్ప వేరే ధ్యాస లేదు.

28 డిసెంబర్, పొద్దున

బయల్దేరుతున్నాం. దర్వాజా చౌకట్ పైకమ్మీ నెత్తికి తగిలింది. మూసీ నీళ్లు ఇంట్లోకొచ్చిన ఏడాది ఇల్లు బాగుచేయించాం, అప్పటి నుంచి రోజూ తగులుతూనే ఉంది. "వంగు" అంది రాజమణి. ఎప్పుడూ తగిలాకే అంటుంది.

28 డిసెంబర్, సాయంత్రం

ఇంటికొచ్చాం. అందరూ కాళ్లు చాపుకుని పడున్నారు. నేను రాస్తున్నాను.

పోయేటప్పుడు బస్సులో కండక్టరమ్మ మంచిదే. బస్సు రద్దీగా ఉందని, పాప చిన్నది, ఒళ్లో కూర్చోబెట్టుకోమంది. నాకు తొమ్మిదేండ్లు అంది సోనీ. ఆమె నమ్మలేదు. తొమ్మిదేనని నేను చెప్పాల్సి వచ్చింది. ఆమె నవ్వి, సోనీకి సీటు చూపించింది.

పార్కులోకి బయటి తిండి పోనివ్వరు. అందుకే గేటు బయటే చెట్టు కింద చద్దరు పరిచాం. రాజమణి పూరీలు, ఆలుగడ్డ కూర తెచ్చింది. తినే ముందు ప్రార్థన మొదలుపెట్టింది. ఆపరేషన్ చేసిన డాక్టర్లను పేరుపేరునా, రక్తమిచ్చిన నా డిపో మిత్రులను, ఆ రోజు ముస్లింల గ్యారవీ పండుగ ఊరేగింపులో రోడ్డు ఖాళీ చేయించి మా ఆటోకు దారిచ్చిన ముక్కూమొహం తెలియని మొఘల్‌పురా కుర్రాళ్లను, ఎవరినీ విడిచిపెట్టలేదు. పూరీలు చల్లారిపోయాయి. వెస్లీ ఒక కన్ను తెరిచి పూరీల వైపు చూస్తున్నాడు. నేను చూశానంటే నాదీ ఒక కన్ను తెరిచే ఉందన్నమాట. కూడిక పార్కు గేటు ముందే అయిపోయిందని నాకనిపించింది. ఏ కూడికలోనూ అంత నిజంగా ఆమేన్ అన్నట్టు గుర్తు లేదు.

లోపల సోనీ తిన్నగా రోలర్ కోస్టర్ దగ్గరికి నడిచింది. అక్కడ ఒక చెక్క జిరాఫీ చెయ్యి చాచి నిలబడి ఉంది. ఆ చెయ్యి తలకు తగిలితేనే లోపలికి. వెస్లీ తల సరిగ్గా తగిలింది.

సోనీ తలకూ ఆ చేతికీ మధ్య బెత్తెడు గాలి.

గేటు దగ్గరి అబ్బాయి రెండోసారి నిలబెట్టి చూశాడు. సోనీ మెడ సాగదీసింది, వేళ్ల మీద లేచింది. నా ముందు ఇన్నేళ్లూ మోకాళ్లు వంచిన పిల్లలందరూ ఒక్కసారి గుర్తొచ్చారు. ఇంట్లో కొలిచామని నేను వాదించబోయాను. సీటు బెల్టు పట్టదు అంకుల్, జారుతది అన్నాడు ఆ అబ్బాయి, మెల్లగా, పాపకు వినబడకుండా. ఇంకేం వాదిస్తాను.

సోనీ ఏడవలేదు. వెస్లీ మాత్రం అక్క రాకపోతే నేను కూడా ఎక్కనని మొండికేశాడు. సోనీయే వాడి చెయ్యి నా చేతిలో పెట్టింది. "తమ్ముడొక్కడే భయపడ్తడు. తాతా, నువ్వు పో. అంతా మంచిగ చూసొచ్చి నాకు చెప్పు."

బీపీ ఉందా అని అడిగాడు ఆ అబ్బాయి. లేదన్నాను. నిజమే. ఉన్నది రాజమణికి. అది నా వల్లే వచ్చిందని ఆమె అభియోగం.

ఎక్కాను. దాని గురించి పేజీలు రాయగలను, కానీ రాయడానికి ఏమీ లేదు. మొదటి ఎత్తు దగ్గరే కళ్లు మూసుకున్నాను. దిగాక, చార్మినార్ కనిపించింది, గోల్కొండ కనిపించింది, పురానాపూల్ దగ్గర మన గల్లీ కూడా కనిపించింది అని మొదలుపెట్టాను.

"అక్కా, తాత కండ్లు మూసుకున్నడు. యేసయ్యా యేసయ్యా అన్నడు," అన్నాడు వెస్లీ.

మరి నీకేం కనిపించిందని వాణ్ణి అడిగింది సోనీ.

"నువ్వే కనిపించినవ్. గింతంత. మమ్మీ గింతే, నానమ్మ గింతే. పైకెళ్లి చూస్తే అందరు గింతే ఉన్నరు."

"డాడీ గూడనా?"

"డాడీ గూడ."

అప్పుడు నవ్వింది. తర్వాత నీళ్ల జారుడుబల్ల మీద సాయంత్రం దాకా ఉరికింది, ఎగిరింది. మెల్లగ అని ఎవరమూ అనలేదు. రాజమణి చీర మోకాళ్ల దాకా తడుపుకుని నిలబడి ఆ ఉరుకుడు చూస్తూనే ఉంది.

వచ్చేటప్పుడు బస్సులో నా భుజం మీద తల పెట్టుకుంది. పడుకుందనుకున్నాను.

"తాతా, ఆ రోజు గీత అందుకున్న. ఇయ్యాల అందలె. నేను తగ్గిన్నా?"

చిల్లర బాకీ టికెట్ వెనక రాసిచ్చే కండక్టర్‌లా, ఇంటికెళ్లాక చెబుతానన్నాను.

29 డిసెంబర్

సోనీ పొద్దున లేచి తన గుండె మీద చెయ్యి పెట్టుకుని చూసుకుంటోంది. షారోన్ చూసి వంటింట్లోకి పోయింది. గీత దగ్గరికి రమ్మంటే సోనీ రాలేదు.

30 డిసెంబర్, సోమవారం

పాలకు పోతుంటే పైకమ్మీ మళ్లీ తగిలింది. ఈసారి గట్టిగా. రాజమణి లోపలి నుంచి, "ఇల్లు బాగుచేయించినప్పటి సంది కొట్టుకుంటనే ఉన్నవ్. ఆ తలకాయకు ఇంకెప్పుడు తెలుస్తది?" అంది.

అప్పుడు తెలిసింది.

పాల గిన్నె పట్టుకుని దర్వాజాలోనే నిలబడిపోయాను. వరద తర్వాత మేము పాత షాబాద్ బండలు తీయలేదు. వాటి మీదనే కాంక్రీటు పోయించి, పైన టైల్స్ వేయించాం, నీళ్లు మళ్లీ లోపలికి రాకూడదని. తలుపు కింది భాగం కోయించాం. చౌకట్ మాత్రం ఉన్నచోటే ఉంది, దాని మీద గీత కూడా ఉన్నచోటే ఉంది. నేల పైకొచ్చింది. బెత్తెడు. రోజూ తల తగులుతున్నవాడికి ఈ ముక్క తట్టలేదు.

ప్రహ్లాద్ దగ్గర టేపు తెచ్చాను. షారోన్ ముందే తెచ్చాను, ఆమె చూస్తుండగా. ఆమె నవ్వు ఆపుకుంది. అంత మాత్రం మర్యాద నాకు చాలు.

గీత నేలకు నాలుగడుగుల దూరంలో లేదు. బెత్తెడు తక్కువ. జిరాఫీ చేతి కింద మిగిలిన బెత్తెడే.

సోనీని పిలిచి మూలన కూర్చోబెట్టాను. అక్కడ ఒక టైల్ అంచు పగిలి ఉంది. కింద కాంక్రీటు, దాని కింద పాత బండ కనబడుతుంది. వేలు పెట్టి చూడమన్నాను. పెట్టింది.

"మీ డాడీ గీత కాడ నిలబడ్డప్పుడు కాళ్లు గా కింద ఉండె. నువ్వు గీ పైన నిలబడ్డవ్. నువ్వు తగ్గలె బిడ్డా. ఇల్లు పెరిగింది."

వేలు ఆ కంతలోంచి తీయలేదు. మరి నేను కూడా పెరుగుతున్ననా అని అడిగింది. డాక్టరమ్మ చెప్పిన మాట చెప్పాను. నా కన్ను మీద నమ్మకం పెట్టుకోవద్దని కూడా చెప్పాను.

పాత గీత చెరిపేస్తానంటే వద్దంది. దాని పైన కొత్తది వేయమంది. టేపు ఒక కొస తనే నేలకు నొక్కి పట్టుకుంది. చెక్కాను. తర్వాత నన్ను కూడా నిలబెట్టి కొలిచింది. నేను నిరుటికంటే తగ్గి ఉంటానని నా అనుమానం. అడగలేదు.

ఆ నీళ్లు ఇంట్లోకొచ్చిన ఏడాది నేను దేవుణ్ణి చాలా మాటలన్నాను. ఇవాళ కొన్ని వెనక్కి తీసుకున్నాను.

5 జనవరి 2025, ఆదివారం

కూడిక అయింది. ఇల్లంతా జనం. సోనీ దర్వాజా దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి ఒక్కరికీ, "వంగుండ్రి, మా ఇల్లు పెరిగింది" అని చెప్పింది. పాస్టరు వినిపించుకోలేదు. తగిలింది.

10 జూన్ 2025

ఎల్లుండి బడి. నిరుటి బూట్లలో సోనీ మడమ దిగలేదు. వెస్లీవి చినిగిపోయాయి, అవి పనికిరావు. బేగంబజార్ పోయి సోనీకి కొత్తవి, ఒక నంబర్ పెద్దవి, కొన్నాం. లేసులు తనే కట్టుకుంది.