బుస్సుమనాల్సిన మూత

బిష్కెక్, జూన్

ప్రియమైన సిర్గాకు,

నువ్వు అమ్ముడుపోయావు. డొంకతిరుగుడు మాటలు నాకు చేతకావు కనుక మొదటి వాక్యంలోనే అనేస్తున్నాను.

సూసమిర్ రోడ్డు పక్కన పులిసిన గుర్రప్పాల కుమిస్ అమ్ముకునే ఆడవాళ్ళ దగ్గర్నుంచి, నువ్వు చేసిచ్చిన మూతలన్నీ గోనెసంచిలో వేసుకుని పట్టుకుపోయావట. అదీ పాల కంపెనీ మనిషి నీ షెడ్డుకొచ్చి వెళ్ళాక! నిజమా, కాదా?

వ్యాన్‌లో సీసా పేలి ఒకాయన కన్ను పోబోయిందని జిల్లా కార్యాలయం రోడ్డు మీద కుమిస్ అమ్మకాన్నే నిషేధిస్తానంటోంది. విచారణ వచ్చే నెలలో. పులిసే పాలలో గ్యాసు పుట్టక మానదు. మూత బిగిస్తే పేలుతుంది, వదులు చేస్తే కారుతుంది. ఈ రెంటికీ మధ్య దారి ఉందని చూపించింది నీ మూత. గాలిని బయటికి పోనిస్తుంది, దుమ్మును లోపలికి రానివ్వదు అని పత్రికలో పొగిడింది నేనే. వేసవంతా ఆడగుర్రాల వెంట తిరిగే ఆ మనుషుల నోటి దగ్గర కూడు తీసి కంపెనీ చేతిలో పెడతావా? జవాబు చెప్పు.

కోపంగానే, ప్రేమగానే,
అక్క బురుల్

*

సూసమిర్

ప్రియమైన అక్కకు,

తిట్లు భద్రంగా అందాయి. వ్యాన్ డ్రైవరు కవరు ఇస్తూ, "మీ అక్క రాసిందేనా? పట్టుకుంటే చెయ్యి కాలుతోంది" అన్నాడు.

కంపెనీ మనిషి వచ్చిన మాట నిజమే. గిన్నె మీద గిన్నె కుమిస్ తాగాడు, మూత అమ్మమని బేరమాడాడు, పొమ్మన్నాను. మూతలు వెనక్కి తెచ్చింది వేరే గొడవ వల్ల.

అనార్‌కుల్ అత్త దగ్గర ఒక లారీ డ్రైవరు సీసా తీసుకున్నాడు. మూత తిప్పుతూ చెవి దగ్గర పెట్టుకున్నాడు. బుస్సుమనలేదు.

"ఏంటత్తా, చచ్చిన కుమిస్ అమ్ముతున్నావా? నీళ్ళు గానీ కలిపావా?"

"నీళ్ళు నీ రేడియేటర్లో కలుపుకో, పో!" అంది అత్త. వాడు నిజంగానే పోయాడు, పక్కామె దగ్గరికి.

నా మూత గ్యాసును పుట్టింది పుట్టినట్టే వదిలేస్తోందక్కా. ఇక్కడ కుమిస్‌ను ముందు చెవితో కొంటారు, తర్వాతే నాలుకతో. మరి మనవాళ్ళు ఏం చేశారో తెలుసా? బుస్సు రావాలని మూత బెజ్జంలో గొర్రెతోక కొవ్వు కూరారు! కొవ్వు గడ్డకట్టి మామూలు మూత కంటే గట్టిగా బిగుసుకుంది. ఒక సీసా గుడారంలోనే పేలింది. ఇంకెవరి కన్నో పోకముందే అన్నీ ఏరుకొచ్చేశాను.

చెల్లెలు
సిర్గా

*

బిష్కెక్

ప్రియమైన మొండిదానికి,

సరే, అమ్ముడుపోలేదు. కానీ అమాయకురాలివి. విచారణకి ఆ పాత మూతలే పట్టుకురా. బల్ల వెనక కూర్చునే ఆఫీసర్లలో ఒక్కడైనా సీసాని చెవి దగ్గర పెట్టుకుంటాడా? వాళ్ళకి కావలసింది పేలకపోవడం. ముందు నిషేధం తప్పించుకుందాం, మూత సంగతి తీరిగ్గా చూసుకుందువుగాని. అవతల కంపెనీవాళ్ళు నీలాగా నియమాలు పట్టుకుని కూర్చోరే పిచ్చిదానా!

నీ
బురుల్

*

సూసమిర్, జూలై

ప్రియమైన అక్కా,

వద్దు. ఆఫీసర్ల ముందు గెలిచి రోడ్డు మీద ఓడిపోతే మనవాళ్ళు మళ్ళీ కొవ్వే కూరతారు.

కొత్తది చేశాను. ఈసారి బెజ్జం లేదు. మూతలో రబ్బరు బిళ్ళ, దాని మధ్య సన్నటి గాటు. కోపం ఆపుకుంటున్న మనిషి పెదాల్లా అది మూసుకునే ఉంటుంది. (నీ పెదాలు కావులే.) సీసాకి ఇబ్బంది కలిగేంత ఒత్తిడి పెరిగితేనే విచ్చుకుంటుంది, ఎక్కువైనది వదిలేసి మళ్ళీ మూసుకుంటుంది. మిగిలిన గ్యాసు లోపలే ఉంటుంది, మూత తీసేవాడి చెవి కోసం.

సీసాలు వ్యాన్‌లో వేసుకుని తో-అషూ కనుమ ఎక్కాను. ఎత్తుకెళ్ళేకొద్దీ బయట గాలి పలచబడి సీసాలు ఉబ్బుతాయిగా, పేలేది అక్కడే. వెనక సీటంతా ఉస్, ఉస్ అంటూనే ఉంది. ఒక ముసలాయన నా వైపు ఓరగా చూసి కిటికీ తెరిచాడు! ఒక్కటీ పేలలేదు. తిరిగొచ్చాక అత్త ఒక మూత తిప్పింది. బుస్సుమంది. "ఇది బతికే ఉంది" అంది.

విచారణకి అందరం వస్తున్నాం.

సిర్గా

*

బిష్కెక్, విచారణ తర్వాత

ప్రియమైన నా చెల్లికి,

ఆ గదిలో ఎందుకలా నోరు మూసుకుని కూర్చున్నానని అడిగావు. ఇంతకాలం పత్రికల్లో అరిచి నేను చెప్పలేకపోయింది నువ్వు నింపాదిగా చెప్పేశావు కనుక.

కంపెనీ మనిషి లేచి, "మూత బావుంది, హక్కు మాకు రాసిస్తే మేమే చేసి అందరికీ అమ్ముతాం" అన్నాడు. నువ్వేమో, "మూతలు పోసే అచ్చూ, హక్కూ నావి కావండీ. పాలు పితికే వాళ్ళ సంఘానికి ముందే ఇచ్చేశాను. వాళ్ళనడగండి" అన్నావు. ఒక్క మాటైనా నాకు ముందు చెప్పలేదు! వాడు అటు తిరిగేసరికి అనార్‌కుల్ అత్త పెద్దాఫీసరు ముందు సీసా పెట్టి, "తిప్పు నాయనా, భయపడకు" అంది. బుస్సుమనగానే ఆయన కుర్చీతో సహా వెనక్కి జరగడం, గదంతా నవ్వడం, ఆయనే సిగ్గుపడుతూ గిన్నె అడగడం!

నిన్ను చూసి గర్వపడ్డానే. గోరంత రబ్బరు గాటు కోసం ఇంత ఆలోచించిన మనిషి మంత్రుల్లో ఒక్కరున్నా నేను రాయడం మానేద్దును.

కానీ ఆఫీసర్లు నిషేధం మాట వదల్లేదు, వాయిదా వేశారు. "మీకేం కావాలో రాసివ్వండి" అన్నారు. రాశాను. మన ఆడవాళ్ళకి చదివి వినిపించు, తప్పుంటే కొట్టేయమను. వాళ్ళ సంతకాలయ్యాకే నాది.

నీ అక్క
బురుల్

మా డిమాండ్లు:
రోడ్డు పక్కన కుమిస్ అమ్మకంపై నిషేధం ఆలోచనను రాతపూర్వకంగా విరమించుకోవాలి.
మూతల పరీక్ష గదిలో కాదు, కనుమ ఎక్కే వ్యాన్‌లో జరగాలి.
పరీక్షించే వాళ్ళలో పాలు పితికే ఆడవాళ్ళు ఉండాలి.
మూత అచ్చు సంఘం చేతిలోనే ఉండాలి. ఏ కంపెనీకీ దానిమీద హక్కు ఇవ్వకూడదు.
సీసా పేలి గాయపడ్డాయన వైద్యం జిల్లా కార్యాలయమే చేయించాలి.
కాస్తే కుమిస్ చచ్చిపోతుంది; పేలకుండా కాచి అమ్మమని ఇకపై ఎవరూ మాకు చెప్పకూడదు.