అమ్మ పేరుకి ఏ చెక్క

అమ్మకి,

ఫిదెలీనా వందనాలు. ఇక్కడ మేమందరం బాగున్నాం, నా ఓపిక ఒక్కటే బాగాలేదు. అక్కడ చెల్లి నొయెమీ, పసిపాప కులాసా అని రాశావు, సంతోషం. ఫోనులో నీకు వినపడదు కాబట్టి ఈ ఉత్తరం తేలా ఊరికి వెళ్ళే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. మీ అల్లుడికి దగ్గు తగ్గింది. ఇక శనివారం పురపాలక సంఘం వాళ్ళు నీకిచ్చే ఫలకం సంగతి. నలభై ఏళ్ళు ఊరందరికీ పురుళ్ళు పోసినందుకు ఇచ్చే గౌరవం, తయారు చేసేది సొంత కూతురు, ఇంకా కాలేదేమిటే అని రాశావు. ఏం చెప్పమంటావు, తల ప్రాణం తోకకొచ్చింది.

మొదట మహాగని తీసుకున్నాను. చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది అక్షరాలు కాల్చే లేజర్ మిషను కింద పెడితే అక్షరాలూ చెక్కా ఒకే రంగు. దగ్గరికెళ్ళి వేలితో తడిమితే తప్ప నీ పేరు తెలీదు. పక్కన పడేశాను. తర్వాత మీ అల్లుడు ఒవీదియో సెడ్రో చెక్క పలక తెచ్చాడు. వార్నిష్ వేసిన రెండో రోజుకి బంక బయటికి కారి అక్షరాల మీద బొట్లు బొట్లుగా నిలిచింది. చంద్రుడు పెరిగే పక్షంలో కొట్టిన చెట్టట అది, ఒంటి నిండా రసమే. పక్షం అడక్కుండా చెక్క కొనేవాడు ఈ కొండల్లో మీ అల్లుడొక్కడే. ఆ రోజంతా అతనితో మాట్లాడలేదు.

మూడోది పైన్. మెత్తటి చోట లోతుగా కాలింది, గట్టి చారల దగ్గర కాలనే లేదు. అక్షరాలన్నీ పుచ్చుపళ్ళలా తయారయ్యాయి. ఒవీదియో దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పైన్ మీద ఇంత సన్నక్షరం నిలవదని నాకు నేర్పిందే నువ్వు. కావాలనే పాడు చేశావు కదూ?" అన్నాడు.

అవునమ్మా, కావాలనే చేశాను. చెక్కల మీదికి నెట్టి ఇంతసేపూ దాచిన మాట ఇప్పుడు చెబుతున్నాను. పురపాలక సంఘం వాళ్ళు పంపిన కాగితంలో నీ పేరు 'ఎతెల్వీనా మతామోరోస్ సూనిగా' అని ఉంది.

ఊళ్ళో నిన్న పుట్టిన బిడ్డకి కూడా తండ్రి ఇంటిపేరు ముందు, తల్లి ఇంటిపేరు వెనక ఉంటాయి. నీకు అమ్మమ్మ ఇంటిపేరు సూనిగా ఒక్కటే. నీ పుట్టుక కాగితం మీద తండ్రి సంతకం కోసం అమ్మమ్మ నిన్ను ఎత్తుకుని కలప కోతమిల్లు గేటు దగ్గర నిలబడితే, ఆ మతామోరోస్ ముసలాయన బయటికైనా రాకుండా పనిమనిషి చేత బీన్స్ సంచి పంపించాడు. ఇప్పుడు ఆయన మనవడు దోన్ లిసాండ్రో మేయరు. పొరపాటేమో అనుకుని అడగడానికి వెళ్ళాను. నవ్వుతూ కుర్చీ వేయించాడు.

"పొరపాటు కాదమ్మాయ్. ఊరంతా ఆవిణ్ణి మెచ్చుకుంటోంది. మా తాత రక్తమేగా, ఇప్పటికైనా కలుపుకుందామని."

ఒళ్ళు మండింది. "మిమ్మల్ని ఈ లోకంలోకి తీసింది మా అమ్మ చేతులే. ఆ రోజు కూడా మీ ఇంటి వెనక గుమ్మం నుంచే రమ్మన్నారు" అన్నాను. కాగితంలో ఉన్నట్టు లేకపోతే వేదిక మీద ఇవ్వడం కుదరదని చెప్పి లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి లేత రంగు లారెల్ చెక్క పలక తీశాను. రుద్ది, పలచగా ఒక పూత వేసి ఆరనిచ్చి, మసి అంటకుండా కాగితం పట్టీ అతికించి కాల్చాను. పట్టీ లాగేస్తే అక్షరాలు కాఫీ రంగులో నిండుగా వచ్చాయి. 'ఎతెల్వీనా సూనిగా', అంతే. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పెద్దగా పెట్టాను, ఇంకో మాట ఇరికించాలన్నా చోటు లేదు. పైన ఇంకో పూత కూడా వేసేశాను.

నిన్ను అడగలేదమ్మా. ఆ పేరు కోసం నువ్వు లోలోపల ఎన్నేళ్ళు ఎదురుచూశావో నాకు తెలీదు, నువ్వెప్పుడూ చెప్పలేదు. ఆ కాగితం వచ్చిన ఈ పదిరోజుల్లో ఒక ఉత్తరం ముక్క రాసి అడగగలిగేదాన్నే. కావాలంటావేమోనని భయపడ్డాను. కావాలంటే నా చేత్తో నేనే ఆ పేరు కాల్చాలి, అది నా వల్ల కాదు.

శనివారం రా. వాళ్ళు ఇవ్వకపోతే జనం మధ్యలో నేనే నీ చేతిలో పెడతాను. నచ్చకపోతే అక్కడే అందరి ముందూ నన్ను తిట్టు, పడతాను. రావడం మాత్రం మానకు.

ఇట్లు,
నిన్నడగకుండా నీ పేరు రాసిన
నీ పెద్దకూతురు
ఫిదెలీనా