పక్కింటి మగ్గం

భవానీపురం,
ఆగస్టు 10.

ప్రియమైన జ్యోతికి,

నాయనమ్మ చౌడేశ్వరమ్మ దీవించి రాసేది. నువ్వు యూనివర్సిటీలో చేరి నెల దాటింది. ఈ నెలలో నువ్వు ఫోన్ చేసిన ప్రతిసారీ నేను "ఆఁ, ఆఁ" అన్నాను. అందులో సగం నీ మాటలకు, సగం నా చెవిలో పెట్టిన మిషను వేసే కూతకు. మీ నాన్న దేవేంద్ర పక్కన నుంచుని నీ మాటలు నాకు అందిస్తాడు. నువ్వు పది నిమిషాలు మాట్లాడింది వాడు "బాగానే ఉందంటమ్మా" అని తేల్చేస్తాడు. వన్ టౌన్‌లో బట్టల కొట్టు నడిపేవాడు ఇంత కోత పెడితే ఎలా? అందుకే ఉత్తరం రాయి. దాన్ని మధ్యలో ఎవరూ కత్తిరించరు.

"బాగానే ఉంది" అంటే నాకు చాలదు. మునిసిపల్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. జవాబొక్కటే రాసి ఊరుకుంటే మార్కులు వెయ్యను, చేసిన వరస చూపించాలి. గది ఎలా ఉంది, గదిలో తోడెవరు, మెస్సులో ఏం పెడుతున్నారు, పాఠాలు ఎక్కుతున్నాయా? పర్యావరణ శాస్త్రం అంటే ఏమిటని వీధిలో ఎవరైనా అడిగితే "చెట్లు నాటే చదువు" అని చెబుతున్నాను. తప్పైతే దిద్దు.

చెవి పోయినా కన్ను మిగిలిన
నీ నాయనమ్మ

---

లేడీస్ హాస్టల్,
ఆగస్టు 19.

ప్రియమైన నాయనమ్మా,

వరస చూపిస్తున్నా, మార్కులు వెయ్యి. మా క్యాంపస్ సైకిలున్నవాళ్ళకు చిన్నది, లేనివాళ్ళకు పెద్దది. చుట్టూ వరిచేలు. ల్యాబ్ కిటికీ తెరిస్తే కొంగలు కనబడతాయి. నీళ్ళలో ఏమేం కలిశాయో చెప్పే పెద్ద మిషనొకటి ఉంది. పైనుంచి కమిటీ వచ్చినప్పుడు బ్రహ్మాండంగా పనిచేస్తుందట, మిగతా రోజుల్లో దుప్పటి కప్పుకుని పడుకుంటుంది. మెస్సులో సోమవారం సాంబారు, మంగళవారం పప్పుచారు. పేరు మారుతుంది, గిన్నె మారదు. పీహెచ్‌డీ చేసే అక్కల్ని "ఎన్నో ఏడక్కా?" అని మాత్రం అడగకూడదని మొదటి వారంలోనే తెలిసింది.

నా గదిలో తోడు ఫిన్నీ అని, మా క్లాసే. చల్లపల్లి దాటి సముద్రం వైపు పోతే వచ్చే పల్లె వాళ్ళది. ఆమె సంగతే నీకు చెప్పాలి.

మా డిపార్టుమెంటులో ప్రతివాళ్ళూ మేష్టార్లందరి ముందూ నిలబడి ఇంగ్లీషులో సెమినార్ ఇవ్వాలి. పోయినవారం ఫిన్నీ వంతు. పదో తరగతి దాకా తెలుగు మీడియం. వారం రోజులు అద్దం ముందు బట్టీ పట్టింది. లేచి "గుడ్ మార్నింగ్ రెస్పెక్టెడ్..." అంది. అంతే. ఇంకో మాట రాలేదు. వెనక బెంచీలోంచి ఎవరో కిసుక్కున నవ్వారు. తిరిగి వచ్చి తన చోట కూర్చుంది.

అప్పట్నుంచీ ల్యాబ్‌కి రావట్లేదు. గోడవైపు తిరిగి పడుకుంటోంది. టీసీ తీసుకుని వెళ్ళిపోతానంటోంది. అక్టోబరులో ఇంకో అవకాశం ఇస్తారు. అదీ ఇవ్వకపోతే చదువు ఇక్కడితో సరి. నాకేం చెప్పాలో తెలియట్లేదు. నువ్వైతే ఏం చెబుతావు?

నీ
జ్యోతిర్మయి

---

భవానీపురం,
ఆగస్టు 27.

ప్రియమైన జ్యోతికి,

నీ వరస బాగుంది. మెస్సు గిన్నెకు ఒక మార్కు ఎక్కువే వేశాను. ఇక మీ ఫిన్నీ సంగతి.

మా పుట్టింటి నేతగాళ్ళ వీధిలో ఒక మర్యాద ఉండేది. నేసేవాడి చీరలో తప్పు పడితే "నా చీరలో" అనడు. అరుగు మీదికొచ్చి కూర్చుని, "పక్కింటి మగ్గంలో పోగు తప్పిందయ్యా, ఏం చెయ్యమంటావు?" అంటాడు. వినేవాడు కూడా "పక్కింటాయనకు ఇలా చెప్పు" అంటాడు. ఎవరి మగ్గమో ఇద్దరికీ తెలుసు. ఎవరూ అడగరు. నువ్వు మూడో తరగతిలో లెక్కల్లో సున్నా తెచ్చుకున్నప్పుడు నా కొంగు పట్టుకుని "పక్కింటి మగ్గంలో పోగు తెగింది నాయనమ్మా" అన్నావు. నేను అడగలేదు. ఇప్పుడూ అడగను.

మీ ఫిన్నీకి నా మాటగా చెప్పు. ఒసే మొద్దూ, గోడవైపు తిరిగి పడుకుంటే ఆ గోడేమన్నా నీకు డిగ్రీ ఇస్తుందా? నవ్వినవాడికి పాఠం వచ్చనుకున్నావా? వచ్చినవాడు నోట్సు రాసుకుంటూ ఉంటాడు, వాడికి నవ్వే తీరిక ఉండదు. తెలుగు మీడియం అని నెపమెందుకు? కాన్వెంటులో చదివినవాళ్ళకూ నాలుక ఎండుతుంది. సరే, ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం. నీకు ఇంగ్లీషు రాక నోరు పడిపోలేదే. బట్టీ పట్టావు గనక పడిపోయింది. బట్టీ పట్టిన లెక్కలో ఒక మెట్టు మరిచిపోతే మిగతా మెట్లన్నీ దాని వెంటే పోతాయి. అర్థమైన లెక్కలో మెట్టు జారినా, చెయ్యి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది.

కాబట్టి ముందు తెలుగులో నాకు చెప్పు. నేను చెట్లు నాటే చదువు అనుకునేదాన్ని గదా, నాకర్థమైతే మీ మేష్టార్లకు కాకపోతుందా? ఇంగ్లీషు తరవాత చూసుకుందాం.

బస్సు పార్సిల్లో సున్నుండలు పంపిస్తున్నాను. డబ్బా మీద ఎవరి పేరూ రాయలేదు. గోడవైపు తిరిగి పడుకునేవాళ్ళు తినాలి.

ఏదీ అడగని
మీ నాయనమ్మ

---

లేడీస్ హాస్టల్,
సెప్టెంబరు 12.

ప్రియమైన నాయనమ్మా,

నీ ఉత్తరం ఫిన్నీకి చదివి వినిపించాను. "మొద్దూ" అన్న చోట ఇటు తిరిగింది. సున్నుండలు అన్నచోట లేచి కూర్చుంది. తరవాత మళ్ళీ పడుకుందనుకో, కానీ ఈసారి ఇటువైపు తిరిగి.

నిన్న సాయంత్రం పడుకునే చెప్పడం మొదలుపెట్టింది. కలం పట్టనంటే నేనే రాశాను. ఇదిగో:

"మా ఇంట్లో పప్పు ఉడకడం మానేసిన ఏడు నేను ఎనిమిదో తరగతి. కంది బాగాలేదని మా అమ్మ సువార్తమ్మ కొట్టువాడితో పోట్లాడింది. కంది మార్చింది. కుంపటి మార్చింది. చివరికి ఒకరోజు బావి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది. ఉప్పు. మా నేల కింద మంచినీళ్ళు ఒక పొరలా ఉంటాయి, వాటి పక్కనే సముద్రపు నీళ్ళుంటాయి. మంచినీళ్ళ బరువే సముద్రాన్ని ఆపుతుంది. మేం మోటార్లు పెట్టి తోడేకొద్దీ ఆ బరువు తగ్గుతుంది. సముద్రం దొంగలా లోపలికి వస్తుంది. అది ఎంత దూరం వచ్చిందో బావి బావికీ కొలిచి చెప్పడమే నా పని."

బాగుందా? దిద్ది పంపు.

నీ
జ్యోతిర్మయి

---

భవానీపురం,
సెప్టెంబరు 20.

ప్రియమైన జ్యోతికి,

బాగుందా అని అడుగుతావేం? నాలుగుసార్లు చదివాను. మీ నాన్నకు చదివి వినిపిస్తే కొట్టుకు పోవడం మానేసి "అయితే మన బోరు సంగతేంటమ్మా?" అని కూర్చున్నాడు. కుళాయి తిప్పడం తప్ప బావిలో చేద వేసి ఎరగనిదానికి ఇంత సంగతి ఎలా పట్టుబడిందో! స్నేహితుల దగ్గర వింటే వస్తుంది కాబోలు. నేనేం అడగలేదు.

ఒక్కచోట ఎర్రసిరా పెట్టాను. "సముద్రం దొంగలా వస్తుంది" అన్నది కొట్టేశాను. దొంగ పిలవకుండా వస్తాడు. ఇక్కడ మోటార్లు పెట్టి పిలిచింది మనమే. వచ్చిన చుట్టాన్ని దొంగ అనకూడదు.

ఇక ఇంగ్లీషు. పెద్ద మాటలన్నీ తీసెయ్యమను. ఉప్పు, బావి, పప్పు, అమ్మ — వీటికి ఇంగ్లీషులో మాటలు చిన్నపిల్లలకు కూడా వచ్చు. వాటితో నడిపించి, మీ సబ్జెక్టు మాటలు అవసరమైనచోట పెడితే చాలు.

అక్టోబరు సెమినార్‌కి నేనూ వస్తున్నాను. దేవేంద్ర కారులో దింపుతాడు. వెనక బెంచీలో కూర్చుంటాను, కిసుక్కుమనేవాళ్ళ పక్కన. హెడ్డుగారి అనుమతి నువ్వే తీసుకో.

మీ
వెనక బెంచీ నాయనమ్మ

---

లేడీస్ హాస్టల్,
సెప్టెంబరు 29.

ప్రియమైన నాయనమ్మా,

హెడ్డుగారు సరేనన్నారు. "రిటైరైన మేష్టారమ్మ వస్తానంటే కాదంటామా" అన్నారు.

నువ్వు వస్తున్నావని ఫిన్నీకి చెప్పాను. "నిజంగా వస్తారా? అంత దూరం నుంచి?" అంది. "మా నాయనమ్మ వస్తానంటే వచ్చేస్తుంది" అన్నాను. "అయితే సెమినార్ ఇయ్యకపోతే బాగోదు" అని లేచి తలకు పోసుకుంది. ఇవాళ ల్యాబ్‌కి వచ్చింది.

నాయనమ్మా, నీకు ఒక మాట చెప్పాలని ఉంది. ఎదురుగా చెబుతాలే. కోప్పడకు.

నీ
జ్యోతిర్మయి

---

భవానీపురం,
అక్టోబరు 18.

ప్రియమైన ఫిన్నీకి,

జ్యోతివాళ్ళ నాయనమ్మ రాసేది. నీ పేరు మీద నేరుగా రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. ఇంతకుముందు నీకు చేరినవన్నీ నేను నీకని రాసినవి కావు, జ్యోతికని రాసినవి. ఆ సంగతి ఇప్పుడు నీకూ తెలుసు, మీ డిపార్టుమెంటు మొత్తానికీ తెలుసు. అయినా వరస చూపించకుండా జవాబు రాసే అలవాటు నాకు లేదు.

ఆరోజు నేను వెనక బెంచీలో, కిసుక్కుమనే మొహాలు రెండిటి మధ్య కూర్చున్నాను. జ్యోతి నా ముందు బెంచీలో ఉంది. దాని పేరు ఎప్పుడు పిలుస్తారా అని చెవి మిషను సర్దుకుంటూ కూర్చున్నాను. దాని చదువు ఆగిపోతుందని రెండు నెలలుగా నాకు నిద్ర లేదు. ఇంతలో ఎర్ర నూలుచీర కట్టుకున్న పొడుగాటి పిల్ల లేచింది. ఎవరో అనుకున్నాను. "గుడ్ మార్నింగ్" అని, మైకు దగ్గరికి లాక్కుని, తెలుగులో "మా ఇంట్లో పప్పు ఉడకడం మానేసిన ఏడు" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. జ్యోతి భుజం పట్టుకుని కుదిపి, గుసగుసగా, "ఒసే, నీ పేపరు ఆ పిల్ల చదివేస్తోందే!" అన్నాను.

చెవిటివాళ్ళ గుసగుస ఎంత దూరం వినబడుతుందో చెవిటివాళ్ళకు తెలియదు గదా. హాలు హాలంతా గొల్లుమంది. హెడ్డుగారు కూడా నవ్వేశారు. జ్యోతి వెనక్కి తిరిగి, "అదే ఫిన్నీ నాయనమ్మా" అంది. నేను నీ మొహం చూశాను. ఒక్క కిసుక్కుకే పడుకున్న పిల్లవు, ఇంత నవ్వు నీ నెత్తిన తెచ్చిపోశానే అని నన్ను నేనే తిట్టుకున్నాను. నువ్వు బల్ల అంచు పట్టుకున్నావు. నా వైపు చూశావు. తరవాత నువ్వే నవ్వావు.

"కాదండీ నాయనమ్మగారూ," అన్నావు, వెనక బెంచీ దాకా వినబడేలా. "ఇది పక్కింటి మగ్గం కాదండీ. నాదే."

ఆ మాట అనడానికి మా వీధిలో ఎవరికీ ధైర్యం చాలలేదమ్మా. మా నాన్న కూడా అనలేదు. నువ్వు అన్నావు, నీళ్ళు తాగావు, ఇంగ్లీషులోకి దిగావు. తడబడ్డావు. తడబడితే పప్పు దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి మళ్ళీ బయల్దేరావు. సముద్రాన్ని మనమే పిలిచామని నువ్వు చెప్పినచోట నా పక్కనున్నవాడు నోట్సు తీసి రాసుకున్నాడు. నేను వాడివైపు చూడలేదు. చూస్తే ఆపేస్తాడని.

తిరిగి వెళ్ళేటప్పుడు కారు దగ్గర జ్యోతిని నిలదీశాను. "నా రెండో ఉత్తరం నాడే నేను పొరపాటు పడ్డానని నీకు తెలిసిపోయింది గదే, ఎందుకు చెప్పలేదు?" అని. అది తల దించుకుని, "చెబితే నువ్వు జాలిపడి రాసేదానివి నాయనమ్మా. జాలిపడితే అది చదవదు. మేష్టార్లందరూ జాలే పడ్డారు. నువ్వొక్కదానివే నన్ను తిట్టినట్టు దాన్ని తిట్టావు" అంది. మనవరాలు నాకంటే తెలివైనదని తెలిసిన రోజున ఏ నాయనమ్మైనా కోప్పడాలి. పద్ధతి ప్రకారం కోప్పడ్డాను. నువ్వు పక్కనే నిలబడి విన్నావు.

కాబట్టి ఆ తిట్లు వెనక్కు తీసుకోవడం లేదు. మొద్దు అన్నది కూడా నీ దగ్గరే ఉండనీ. నీకని రాయకపోయినా నీకే సరిపోయాయి. వేరే కొలతకు కుట్టిన రవిక సరిపోతే విప్పి పారేస్తామా?

క్రిస్మస్‌కి మీ ఊరు వెళ్ళేటప్పుడు దారిలో ఇక్కడ ఆగు. మీ అమ్మకు ఒక డబ్బా కడతాను. పప్పు నేనే వండుతాను. మా నీళ్ళకు ఇంకా ఉడుకుతోంది. దేవేంద్ర మాత్రం నీ మాటలు విన్నాక రోజూ పొద్దున బోరు నీళ్ళు నోట్లో పోసుకుని చూస్తున్నాడు. వాడికి ధైర్యం చెప్పాల్సిన బాధ్యత నీదే.

చివరగా ఒక సంగతి. మా పక్కింట్లో ఒక ముసలావిడ ఉంది. నోరు పెద్దది, చెవులు లేవు. ఫోన్లో మాట్లాడలేదు. రెండు నెలలుగా ఎవరో హాస్టలు పిల్లకు తిట్లు రాసి పంపుతూ, జవాబు కోసం గేటు దగ్గర పోస్టుమాన్‌ని పీక్కుతింటోంది. ఇప్పుడు ఆ పిల్ల లేచి కూర్చుంది, సెమినార్ గట్టెక్కింది, ఇక తిట్లతో పనిలేదు. ఆవిడకేమో పొద్దు గడవట్లేదు. ఏం చెయ్యమంటావు?

ఎవరని అడగకు. ఏం చెయ్యాలో రాయి చాలు.

ఇట్లు,
నీ నాయనమ్మ
చౌడేశ్వరమ్మ