యార్డు బోర్డు మీద మినుములు

మార్చి 6
నాన్న ఫోన్. మినుములు ఎగరబోసి బస్తాలకెత్తాడట. "యాపారి వొచ్చినాడ్రా. ఇచ్చీమంతావా?"
వద్దన్నాను. గట్టిగా. నేను బస్తాలు మోసే పోర్టు యార్డులో, మర్నాడు విప్పాల్సిన కంటైనర్లలో ఏ సరుకుందో బోర్డు మీద సుద్దతో రాస్తారు. రెండు వారాలుగా చూస్తున్నా, పప్పు ఊసే లేదు. బయటి పప్పు రాకపోతే మన రేటు లేస్తుంది. టెన్త్ తప్పినోణ్ణే... పేపర్లో వ్యాపారం పేజీ చదవడం నాకు నేనే నేర్చుకున్నా. "ఉంచు" అన్నాను.
ఉంచాడు. ఎప్పుడూ నా మాట వినని మనిషి.

మార్చి 19
పేపర్లో ఓ మూల, మూడు లైన్లు. బయటి దేశాల నుంచి పన్ను లేకుండా పప్పు తెచ్చుకునే గడువు పొడిగించారు.
నాన్నకి చెప్పలేదు.

ఏప్రిల్ 11
బోర్డు మీద మినుములు. బర్మావి.
మా గ్యాంగే విప్పింది. తలుపు తీయగానే మా కళ్ళం వాసన. బాషా మొదటి బస్తా నా మెడ మీదకెత్తి, "ఏటి బావా, మీ అయ్య పంపినాడేటి?" అని నవ్వాడు. ఆడికి తెలీదు.
సాయంత్రం దాకా మోశాను. నాన్న రేటుని నా మెడ మీంచి నేనే దించాను.

మే 2
నాన్న అమ్మేశాడు. మార్చిలో అడిగిన రేటు కూడా రాలేదు. పుచ్చు పట్టిందని ఇంకో కోత. "పోనీరా" అన్నాడు.
తిడితే బాగుండేది.

జూన్ 15
టీవీలో ఒకాయన — మనోళ్లు పప్పు సరిపడా పండించట్లేదు, అందుకే తెప్పిస్తున్నాం అంటాడు. పండినప్పుడు తెప్పిస్తావు. రైతు మానేశాక పండించట్లేదంటావు. సిగ్గుండాల.
నూనె కథా ఇంతే. నువ్వులేసిన మా మెట్టచెక్కలో ఇప్పుడు సరుగుడు. పామాయిలు ఓడలో వస్తోంది.

ఆగస్టు 23
ద్వారకా నగర్‌లో ఇడ్లీ బండి. పప్పెక్కడిదని అడిగాను. "ఇడ్లీ తింతావా, ఇంటర్వ్యూ సేత్తావా?" అన్నాడు బండాయన. తర్వాత ఒప్పుకున్నాడు, బర్మాదే.
మెత్తగా ఉంది. నాలుగు తిన్నాను. అదే నా కోపం.

నవంబర్ 27
నాన్న. వరి పండింది. "మడిలో పదునుంది. మినుములు ఇప్పుడే జల్లీయాల. ఓడల్లో ఏటొత్తందో సూసి సెప్పు."
వరి నిలబడుండగానే జల్లాలి. కోతయ్యేసరికి మొలుస్తాయి. ఆ తడి పదునారిందంటే ఈ యేటికి మినుముల్లేవు, మడి బీడే.
"ఇంకా నన్నే అడుగుతావేటి?"
"సదూకున్నోడివి కదరా."

నవంబర్ 28
బోర్డు మీద పప్పు లేదు. మార్చిలోనూ లేదు.
బాషాకి అంతా చెప్పాను. నవ్వలేదు. "నువ్వు జల్లమన్నా, వొద్దన్నా ఓడ ఆగదు బావా."
విత్తనానికి బూడిద కలిపి అమ్మ దాచిన కుండ ఒక్కటే ఇంట్లో మిగిలింది. అన్నీ అమ్మినా అది అమ్మలేదు.

నవంబర్ 29
టీ బ్రేక్. నాన్న మడిగట్టు మీంచే ఫోన్ చేశాడు. "కోతోళ్లు ఎల్లుండొత్తారు. సెప్పరా."
"బోర్డు మీద పప్పు లేదు నాన్నా." అంతే అన్నాను. నిజమే చెప్పాను. మార్చిలోనూ నిజమే చెప్పాను.
"అయితే జల్లీనా?"
ఆగమన్నాను. వినలేదు. ఫోన్ గట్టు మీద పెట్టేసినట్టున్నాడు... కట్ చేయలేదు. వరిలో అడుగుల చప్పుడు. గుప్పెడు విత్తనం. ఇంకో గుప్పెడు.
నా వెనక బోర్డు మీద సుద్ద గీస్తున్న చప్పుడు. రేపటి సరుకు రాస్తున్నారు.
ఇంకా తిరిగి చూడలేదు.