కోళ్లగూట్ల బల్బు

ఏమే యాదమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. గిది సదవవని ఎర్కే, అయినా జెప్తున్న. మేడ్చల్ అంగడిల పది కోడిపెట్టలు దెచ్చిన. పొద్దుగూకంగనే గూట్లెకు పోకుండ జామచెట్టెక్కుతున్నయి. మొన్న ఒకదాన్ని పిల్లి ఎత్కపోయింది. పట్టి లోపలేస్తే మళ్లా బయటికే!

పక్కింటి రాజమండ్రోళ్ల మేడం నవ్వింది. "చీకటంటే భయమండీ వాటికి. గూట్లో బల్బు పెట్టండి అన్నయ్యగారూ."

పెట్టిన. ఒక్కొక్కటే తొంగిజూసి, తొమ్మిదీ లోపలికి వొయినయి. లోపట చీకటుంటదని బయటి నుంచే ఎట్ల ఎర్కయితదో వాటికి!

నువ్వు గూడ లైటేసుకోనే పండుకుంటుంటివి. నేను బంద్ జేసి దయ్యం లెక్క అరిస్తే, "నీ నోట్ల మన్నువడ" అని తిడుతుంటివి.

కోళ్లు పండుకున్నయి. బల్బు బంద్ జేద్దామని స్విచ్ మీద చెయ్యేసిన. ఒత్తబుద్ధయితలేదు. ఉండనీ, ఏమంటవ్?