రాజక్కా, నీ పీట

రాజక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తెలంగాణ ఉద్యమంలో పిల్లల బడులు మూతపడినప్పుడు నువ్వు మొదలుపెట్టిన ముసలోళ్ల బడి ఇంకా మా పత్తి కొట్టు వసారాలోనే నడుస్తోంది. పాట వచ్చినవాళ్లు పీట మీద కూర్చుని చెప్పాలి, మిగతా అందరం వెంట అనాలి. నీ పద్ధతి మార్చలేదు.

ఈ మధ్యాహ్నం నీ పీట ఖాళీగా వేసి, నీ బతుకమ్మ పాటే పాడుకున్నాం. పాటలో చెల్లెలు పుట్టింటి గడప ముందుకు వచ్చేచోట ఆగిపోయాం. అక్కడిదాకే కదా నువ్వు నేర్పింది! మిగతాది వచ్చేవారం అన్నావు. పాట చివర ఊరించడం నీకు మహా సరదా. ఆ చివరి చరణం బచ్చన్నపేటలో ఇంకెవరికీ రాదు.

అప్పుడు సాయన్న తర్వాతి చరణం అందుకున్నాడు. చెవులు పోయినప్పటి నుంచీ అతను చెప్పేవాళ్ల పెదవులు చూస్తేగానీ పాడలేడని నీకు తెలుసు. అతని చూపు నీ పీట మీదే ఉంది. అలవాటుగా మేమూ వెంట పాడాం. చెల్లెలు గడప దాటింది. లోపల దీపం వెలుగుతోంది, మనుషులెవరూ లేరు.

పాట ముగిశాక అతని మోకాలు తట్టి, "గిది నీకెట్ల వచ్చింది సాయన్నా?" అని అడిగాను.

"అక్క చెప్తాంటే ఎంబడి పాడిన. నువ్వు గూడ పాడితివి గద!" అన్నాడు విసుగ్గా.

పీట తీసి గోడకు ఆనిద్దామని వంగాను. సాయన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"జర ఆగు చెల్లె. అక్క ఇంకా లేవలే."